ట్యాబు మన పిల్లోడిది, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఇవాళ పొలం సంగతి కాదు, బడి సంగతి. మొక్కజొన్న ఒలిచి కళ్ళంలో ఆరబోశాం. తేమ తగ్గేదాకా రెండు రోజులు తీరిక దొరికింది. చాన్నాళ్ళుగా మనసులో ఉన్నది రాసేద్దామని కూర్చున్నా. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో రెండు ప్రభుత్వాల పేర్లూ వస్తాయి. దయచేసి పార్టీల గొడవలోకి లాగొద్దు. పిల్లలు ఏ పార్టీ వాళ్ళూ కాదు.

మన తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వాళ్ళకి ఈ విషయం కాస్త దగ్గరిది. ఎందుకంటే రాష్ట్రంలో బడి పిల్లలకి ట్యాబులు పంచే కార్యక్రమం మొదలైంది మన పక్కనే, చుండూరు మండలం యడ్లపల్లి హైస్కూల్లో. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు వచ్చి ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చారు. ఆ విడతలో రాష్ట్రమంతా 4,59,564 మంది పిల్లలకి, 59,176 మంది టీచర్లకి, మొత్తం 5,18,740 ట్యాబులు. వాటి విలువ 686 కోట్లు అన్నారు. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. మరుసటి సంవత్సరం అదే రోజున అల్లూరి జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలెట్టారు. తర్వాత ప్రభుత్వం మారింది, మూడో విడత రాలేదు.

ముందు మంచి చెప్పుకుందాం. వేలు పెట్టి ట్యాబు కొనే స్తోమత లేని ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. కౌలు కట్టి, ఎరువుల బాకీ తీర్చి, మిగిలిన దాంతో పిల్లోడికి ట్యాబు కొనేవాడెవడు? కరోనా రెండేళ్ళలో బడులు మూసినప్పుడు తండ్రి ఫోను పొలానికి పోతే పిల్లోడి చదువు కూడా ఫోనుతోపాటు పొలానికి పోయేది. ఒకే ఫోను, ఇద్దరు పిల్లలు. ఎవరి క్లాసు ముందు అని కొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు. అట్టాంటి ఇంట్లోకి పిల్లోడి సొంతమని ఒక ట్యాబు రావడం చిన్న విషయం కాదు. పాఠాలు మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా నడిచాయి. సిగ్నల్ కోసం మేడెక్కాల్సిన ఊళ్ళున్న చోట అది తెలివైన పని. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

మరి ఇబ్బంది ఎక్కడొచ్చింది?

ట్యాబుకి తాళం వేసి ఇచ్చారు. తాళం అంటే సాఫ్ట్‌వేర్ తాళం. పాఠాల యాప్ తప్ప వేరేది తెరుచుకోకుండా, ఆటలు, సినిమాలు ఎక్కకుండా. పదమూడేళ్ళ పిల్లోడి చేతికిచ్చేటప్పుడు ఏదో ఒక అడ్డు ఉండాలనడంలో తప్పు లేదు. కానీ ఏం జరిగింది? కొన్ని వారాలకే పిల్లలు యూట్యూబ్‌లో చూసి ఆ తాళం ఊడబీకేశారు. పేపర్లలోనూ వచ్చింది. మన ఊళ్ళలో అయితే ఒకడు నేర్చుకుని మిగతా వాళ్ళకి చేసి పెట్టాడు. పెద్దవాళ్ళు తిట్టారు, టీచర్లు వెనక్కి తీసుకుని మళ్ళీ తాళం వేయించారు.

నాకు ఆ పిల్లలమీద కోపం రాలేదండీ. ఆలోచించండి. ఎనిమిదో తరగతి పిల్లోడు ఒక యంత్రం ఎట్టా పనిచేస్తుందో తనంతట తాను కనుక్కున్నాడు. కంప్యూటర్ చదువు అంటే అదే గదా! వాణ్ణి పిలిచి, "నువ్వు ఏం నొక్కావు, ఎందుకు అట్టా అయింది, రేపు నీ ట్యాబులోకి ఇంకొకడు ఇట్టాగే దూరకుండా ఏం చేయాలి" అని కూర్చోబెట్టి చెప్పే మాస్టారు ఒక్కరుంటే, ఆ 686 కోట్లకి అర్థం వచ్చేది. ట్యాబులు లక్షల్లో వచ్చాయి. ప్రతి బడికీ ఒక కంప్యూటర్ టీచరు మాత్రం రాలేదు.

ఇది కొత్తేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 తర్వాత వేల హైస్కూళ్ళలో కంప్యూటర్ గదులు పెట్టారు. కంపెనీలతో ఐదేళ్ళ కాంట్రాక్టు. కంప్యూటర్లు కంపెనీ పెట్టింది, చెప్పేవాళ్ళనీ కంపెనీయే చాలీచాలని జీతానికి పెట్టింది. ఐదేళ్ళు అయిపోగానే ఆ చెప్పేవాళ్ళు ఇంటికి పోయారు. కంప్యూటర్లు గదిలోనే దుమ్ము పట్టాయి. మా వైపు ఒక బడిలో ఆ గదికి తాళం వేసి, ఆ తర్వాత బియ్యం బస్తాలు పెట్టుకున్నారు. వస్తువు వచ్చినప్పుడు ఫోటో పడుతుంది. వస్తువు పాడైనప్పుడు ఫోటో తీసేవాడు ఉండడు.

ఇక బైజూస్ సంగతి. 2022లో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకునే నాటికి అది దేశంలోనే పెద్ద చదువుల కంపెనీ. మన క్రికెట్ జట్టు చొక్కాల మీద దాని పేరుండేది. రెండేళ్ళు దాటగానే, 2024 జూలై 16న బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీమీద దివాలా ప్రక్రియ మొదలెట్టింది. బాకీ అడిగింది ఎవరనుకున్నారు? ఆ చొక్కాల డబ్బు రావాల్సిన క్రికెట్ బోర్డే. మధ్యలో పై ట్రిబ్యునల్ ఆపితే, అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆపడాన్ని కొట్టేసింది.

కంపెనీ మునిగిందని నేను సంతోషపడట్లేదు. వ్యాపారంలో మునగడం, తేలడం మామూలే. మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు! కానీ ఒక ప్రశ్న. బడిలో చెప్పే పాఠం ఒక కంపెనీ యాప్‌లో ఉండి, ఆ కంపెనీ పోతే, పాఠంలో తప్పు దొర్లితే దిద్దేది ఎవరు? సిలబస్ మారితే మార్చేది ఎవరు? యడ్లపల్లి మాస్టారికి ఆ వీడియోలో ఒక ఉదాహరణ మార్చి, "కొల్లూరు పసుపు పొలం"తో లెక్క చెప్పాలనిపిస్తే మార్చగలడా? పక్క బడికి కాపీ ఇవ్వగలడా? ఇవ్వలేడు. పాఠం మన పిల్లల చేతుల్లో ఉంది, దాని మీద హక్కు మాత్రం వేరే ఊళ్ళో ఉంది.

ఇక్కడ రైతులకి బాగా అర్థమయ్యే మాట ఒకటి చెప్తా. విత్తనం.

బాపట్ల అంటే మనకి ఏం గుర్తొస్తుంది? సూర్యలంక సముద్రం తర్వాత సాంబ మసూరి. బీపీటీ 5204. 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. ఆ బీపీటీ అనే మూడక్షరాల్లో ఉంది బాపట్ల పేరే. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ పరిశోధనలో పుట్టిన వంగడం. దాన్ని మనం కొన్నాం, వేశాం, పండిన దాంట్లోంచి మంచి గింజ తీసి మళ్ళీ వేశాం. బావగారు అడిగితే నాలుగు కుంచాలు ఇచ్చాం. అట్టా ఇచ్చుకుంటూ పోబట్టే తెలంగాణకి, కర్ణాటకకి, ఇంకా పైకి పాకింది. ఎవడూ వచ్చి "నా అనుమతి లేకుండా ఎట్టా విత్తావు" అనలేదు. 2001లో వచ్చిన రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ అదే చెప్తుంది: రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే.

హైబ్రిడ్ మొక్కజొన్న సంగతి వేరు. ఈ ఏడు పండిన గింజ వచ్చే ఏడు వేస్తే పంట సరిగా రాదు. ప్రతి ఏడూ ప్యాకెట్టు కొనాల్సిందే. నేనూ కొంటున్నా. దిగుబడి వస్తుంది కాబట్టి తెలిసే కొంటున్నా. రెండూ ఉండాలి, దేని చోటు దానిది. కానీ బడి పిల్లోడి పాఠం విషయంలో నేను బీపీటీ వైపే. ప్రజల డబ్బుతో కొన్న పాఠం ప్రజలందరిదీ కావాలి. దాచుకునేటట్టు, పంచుకునేటట్టు, మాస్టారు సొంత చేత్తో బాగుచేసుకునేటట్టు ఉండాలి. అట్టాంటి సాఫ్ట్‌వేర్ లేదా అంటే, ఉంది. దాన్నే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. దాని లోపలి రాత అందరికీ కనపడుతుంది, ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

"ఇదంతా చెప్పడానికి బాగుంటుంది, ఎవరైనా చేసి చూపించారా?" అని అడుగుతారు. కేరళ వాళ్ళు చేశారు. 2001లోనే ఐటీ ఎట్ స్కూల్ అని మొదలెట్టారు. కొన్నేళ్ళకి మొత్తం బడులన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. ఇప్పుడు దాన్ని కైట్ అంటారు, అది ప్రభుత్వ సంస్థే. అక్కడి బడుల్లో కంప్యూటర్లు నడిచేది వాళ్ళు సొంతంగా సిద్ధం చేసుకున్న లినక్స్ మీద. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైంది, టీచర్లకే శిక్షణ ఇచ్చారు. బయటనుంచి కాంట్రాక్టు మనిషి వచ్చి చెప్పి పోవడం కాదు, లెక్కల మాస్టారే కంప్యూటర్ మీద లెక్కలు చెప్తాడు. 2018 నుంచి పిల్లలతోనే లిటిల్ కైట్స్ అని క్లబ్బులు పెట్టారు. తాళం ఊడబీకే పిల్లలు అక్కడ ఆ క్లబ్బులో ఉంటారన్నమాట. అక్కడ కూడా ప్రభుత్వాలు మారాయి. ఎర్రజెండా పోయి వేరే జెండా వచ్చింది, మళ్ళీ ఎర్రజెండా వచ్చింది. కార్యక్రమం మాత్రం ఆగలేదు. మనకి లేనిది ఆ నిలకడే.

మన దగ్గర మనుషులు లేరా అంటే అదీ కాదు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. తెలుగు పిల్లలే, ఇంజనీరింగ్ చదువుకున్న వాళ్ళు. వాళ్ళని పిలిచి పెద్దపీట వేసిన ప్రభుత్వం మాత్రం నాకు కనపడలేదు.

ఇప్పటిదాకా వస్తువు గురించి, పాఠం గురించి చెప్పా. ఇక అసలైంది పిల్లల వివరాలు.

ఈ మధ్య రేపల్లె బస్టాండు కాడ మా ఊరి అమ్మాయి ఒకామె కనపడింది. పిల్లోడు ఏడో తరగతి. అపార్ కార్డు ఫారం మీద సంతకం పెట్టావా అమ్మా అని అడిగా.

"పెట్టా బాబాయ్. ఆధార్ జిరాక్సు తెమ్మన్నారు, తెచ్చా. సంతకం ఎక్కడంటే అక్కడ పెట్టా."

"ఏం రాసుందో చదివావా?"

"చదివేదేముంది, అందరూ పెట్టారుగా. పెట్టకపోతే మళ్ళీ ఏ డబ్బులు ఆగుతాయో అని."

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయా. "ఏ డబ్బులు ఆగుతాయో." మనందరం అట్టాగే ఉన్నాం గదా. ఈ-క్రాప్ అంటే వేలిముద్ర, ఈ-కేవైసీ అంటే వేలిముద్ర, పీఎం కిసాన్ అంటే ఓటీపీ. నాగలి, పార పట్టి గీతలరిగిన వేళ్ళని యంత్రం గుర్తుపట్టకపోతే తప్పు మన వేళ్ళదే. సర్వర్ పనిచేయకపోతే రేపు రమ్మంటారు. మనం అలవాటు పడిపోయాం. కానీ అదే అలవాటు పిల్లలకి ఆస్తిగా రాసిస్తున్నామే, అది నన్ను బాధపెడుతోంది.

అపార్ అంటే దేశంలో ప్రతి విద్యార్థికీ పన్నెండు అంకెల నంబరు. ఆ పిల్లోడి మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ ఆ నంబరుకి చేరతాయి, ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. లాభం ఉంది. సర్టిఫికెట్టు పోయిందని తెనాలికీ గుంటూరుకీ తిరగక్కర్లేదు. కానీ అది తల్లిదండ్రుల ఇష్టంతోనే అని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఆ ఫారం పేరే సమ్మతి పత్రం. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాసుంది. వద్దనే వీలు ఉందని చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే దాన్ని సమ్మతి అని ఎట్టా అంటాం? మన టీచర్లని నేను తప్పు పట్టట్లేదు. ఎంతమందివి పూర్తయ్యాయో సాయంత్రానికి లెక్క పంపాలని పైనుంచి వాళ్ళ నెత్తిన కూర్చుంటారు.

ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పింది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదంది. ఆధార్ లేదని ఏ పిల్లకీ రావాల్సింది ఆపకూడదంది. పిల్లలకి ఆధార్ తీసుకోవాలన్నా తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంది. అంతకుముందు ఏడాది, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని, మనిషి సొంత వివరాల గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. బస్టాండు కాడ కనపడిన ఆ అమ్మాయికీ, ఆమె ఏడో తరగతి కొడుకుకీ కూడా ఆ తీర్పు వర్తిస్తుంది. వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

"మా పిల్లోడి పేరు, మార్కులు ఎవడికి కావాలిలే" అంటారు కొందరు. దీక్ష యాప్ తెలుసు గదా, కేంద్ర ప్రభుత్వానిది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుందే, అది. 2022 మే నెలలో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ 49 దేశాల చదువుల యాప్‌లని పరీక్షించింది. దీక్ష యాప్ పిల్లలు ఎక్కడున్నారో కచ్చితంగా తెలుసుకునేటట్టు ఉందని చెప్పింది. పాఠం చదవడానికి పిల్లోడు ఎక్కడున్నాడో ఎందుకు? మరుసటి ఏడు జనవరిలో ఇంకొకటి బయటపడింది. దీక్ష వివరాలు దాచిన సర్వర్ ఒకటి తాళం లేకుండా తెరిచే ఉంది. పది లక్షలకి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆరు లక్షల దాకా విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. చూడండి విచిత్రం: పిల్లోడి ట్యాబుకేమో తాళం, పిల్లోడి వివరాలకేమో తాళం లేదు.

ఫోను నంబరు, బడి పేరు, తండ్రి పేరు ఉంటే చాలు, "మీ అబ్బాయికి స్కాలర్‌షిప్పు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఫోను చేసేవాడికి. మన ఊళ్ళలో అట్టాంటి ఫోన్లు రాని ఇల్లు ఏదైనా ఉందా?

టీచర్లు ఈ విషయం మనకంటే ముందే పట్టుకున్నారు. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసే యాప్‌ని సొంత ఫోన్లలో పెట్టుకోమంటే సంఘాలన్నీ అభ్యంతరం చెప్పాయి. మా ఫోను, మా డేటా, ప్రభుత్వమే పరికరం ఇవ్వాలి అన్నారు. అప్పుడు మనలో చాలామంది "టైముకి రావడం ఇష్టంలేక గొడవ చేస్తున్నారు" అన్నాం. టైముకి రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్ళు అడిగిన ప్రశ్న సరైందే. అదే ప్రశ్న మన పిల్లల తరఫున మనం అడగాలి.

చట్టం కూడా వచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఆ సమ్మతి నిజమో కాదో సరిచూసుకోవాలి. పిల్లల వెంటపడి వాళ్ళేం చూస్తున్నారో గమనించకూడదు, దాన్నిబట్టి ప్రకటనలు చూపించకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు. బడులకి చదువు, భద్రత పేరుతో కొంత మినహాయింపు ఉంది. ప్రభుత్వానికీ మినహాయింపులు ఉన్నాయి. అంటే మన పిల్లల వివరాలు ఎక్కువగా ఉండే రెండు చోట్లకే సడలింపు అన్నమాట. చట్టం ఉందిలే అని నిద్రపోవడానికి వీల్లేదు.

ఇప్పటి ప్రభుత్వం సంగతి కూడా చెప్పాలి గదా. 2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు మొదలెట్టారు. పరీక్ష ఫలితాలు, హాల్ టికెట్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. బాగుంది, నేనూ వాడుతున్నా. ఒకప్పుడు నెట్ సెంటర్ కాడ యాభై రూపాయలిచ్చి వరసలో నిలబడేవాళ్ళం. నాది ఒక్కటే మాట. వాట్సాప్ అమెరికా కంపెనీది. అది ఒక దారిగా ఉండాలి. అదొక్కటే దారి కాకూడదు. స్మార్ట్‌ఫోను లేని అవ్వ, వాట్సాప్ వద్దనుకున్న మనిషి సచివాలయం మెట్లెక్కితే అదే కాగితం అదే రోజు చేతికి రావాలి.

ఇక నిషేధాల సంగతి. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలో బడుల్లోకి పిల్లలు ఫోన్లు తేకూడదన్నారు. క్లాసు జరిగేటప్పుడు ఫోను వద్దనడం నాకూ ఇష్టమే. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు వాళ్ళకి సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదన్నారు. మన దగ్గరా అట్టాంటిది రావాలనే మాట వినపడుతోంది. రాత్రి పన్నెండింటిదాకా రీల్స్ చూసి పొద్దున బడిలో తూగే పిల్లల్ని చూస్తే తల్లిదండ్రులకి ఆశ పుట్టడం సహజం. కానీ వయసు నిరూపించాలంటే మళ్ళీ ఏదో ఒక కార్డు ఇవ్వాలి గదా. పిల్లల్ని కాపాడతామని వాళ్ళ ఆధార్‌ని ఆ కంపెనీల చేతిలోనే పెట్టే పరిస్థితి వస్తే? నిషేధం అడిగేముందు ఈ ప్రశ్నకి జవాబు అడగండి.

ఇంకో ఉదాహరణ వినండి. కేరళలో కోళికోడ్ దగ్గర చేలనూరు కాలేజీలో ఫహీమా షిరిన్ అనే అమ్మాయి బీఏ చదివేది. హాస్టల్లో ఆడపిల్లలు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోను వాడకూడదన్నారు. చదువుకి అవసరం అని ఆమె ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకి పోయింది. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు చెప్పింది: ఇంటర్నెట్ అందుబాటులో ఉండడం చదువుకునే హక్కులో భాగం, గోప్యత హక్కులో భాగం. ఆమెని మళ్ళీ హాస్టల్లో చేర్చుకోమంది. మన ఇళ్ళలో కూడా ఫోను మగపిల్లోడి చేతికి ముందు వస్తుంది. ఆడపిల్ల చేతిలో ఫోను కనపడితే "ఎవరితో" అని అడుగుతాం. మగపిల్లోడిని అడగం. ఇది చట్టంతో పోయేది కాదు, మన ఇంట్లో మనమే మార్చుకోవాలి.

ఇంత చెప్పి, మరి ఏం చేద్దాం అంటే, పెద్ద పనేం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. 2024 ఆగస్టులో మన రాష్ట్రమంతా ఆ కమిటీలకి ఎన్నికలు కూడా జరిగాయి. అదే ఏడు డిసెంబరు 7న తల్లిదండ్రుల, టీచర్ల పెద్ద సమావేశం పెట్టినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు గారు వచ్చింది మన బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే. అంటే చూడండి, ఒక ముఖ్యమంత్రి ట్యాబులు ఇవ్వడానికి యడ్లపల్లి వచ్చారు, ఇంకో ముఖ్యమంత్రి తల్లిదండ్రులతో మాట్లాడడానికి బాపట్ల వచ్చారు. మన వైపు అంత ముఖ్యమైనప్పుడు ప్రశ్న కూడా మన వైపునుంచే మొదలు కావాలి.

ఈసారి బడి మీటింగుకి పిలిస్తే పనులున్నాయని మానేయకండి. ఒక్క పూట కూలీల్ని మేస్త్రీకి అప్పజెప్పి వెళ్ళండి. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు అడిగిన తర్వాత, ఈ ఐదూ కూడా అడగండి:

ఒకటి, మా పిల్లోడి వివరాలు ఏ ఏ యాప్‌లలో ఎక్కించారు? పేర్లు రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి.

రెండు, సంతకం పెట్టమన్న ఫారం తెలుగులో ఒక కాపీ మాకివ్వండి. చదువుకుని రేపు పెడతాం. వద్దంటే ఏమవుతుందో కూడా చెప్పండి.

మూడు, ట్యాబు పగిలితే, స్మార్ట్ బోర్డు ఆగిపోతే బాగుచేసేది ఎవరు? ఎన్ని రోజుల్లో? ఆ ఖర్చు ఎవరిది?

నాలుగు, పాఠాలు కొన్న డబ్బు మాదే గదా. కంపెనీ పోయినా ఆ పాఠాలు బడిలో ఉంటాయా? మాస్టారు వాటిని మార్చుకోవచ్చా?

ఐదు, కంప్యూటర్ చెప్పే మాస్టారు ఎవరు? వారానికి ఎన్ని గంటలు?

మొదటి మీటింగులో అన్నిటికీ జవాబు రాకపోవచ్చు. హెడ్‌మాస్టారి దగ్గర కూడా జవాబు లేకపోవచ్చు. ఆయన్ని నిలదీయకండి, ఆయన కూడా మనలాగే పైనుంచి వచ్చిన మెసేజి చూసి పరిగెత్తే మనిషే. ప్రశ్నని మాత్రం మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాసిన ప్రశ్న మండలానికి పోతుంది, నోటితో అడిగింది గోడలు దాటదు. కాలువకి నీళ్ళు రానప్పుడు మనం చేసేది అదే గదా. లాకుల కాడికి నలుగురం కలిసి పోతాం, కాగితం ఇస్తాం, మళ్ళీ పోతాం. చివరి భూములకి నీళ్ళొచ్చింది ఎప్పుడైనా అట్టా తిరిగితేనే.

2022లో యడ్లపల్లిలో ట్యాబు అందుకున్న పిల్లలు 2025లో పది పరీక్షలు రాసి ఇంటర్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరన్నా కూర్చోబెట్టి "ఆ ట్యాబు నీకు దేనికి పనికొచ్చింది, దేనికి రాలేదు" అని అడిగారా? మళ్ళీ ఏదైనా పంచేముందు వాళ్ళని అడిగితే ఏ కమిటీ రిపోర్టుకన్నా ఎక్కువ చెప్తారు. మీ ఇంట్లో అట్టాంటి పిల్లలుంటే ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి. వాళ్ళేమన్నారో నాకు రాయండి. అన్నీ కలిపి, ఎవరి పేర్లూ లేకుండా, మీటింగు ఉన్న రోజు మా బడి కమిటీ ముందు చదువుతా.

మబ్బు పడుతోంది, పట్టాలు కప్పాలి. ఉంటా.